ఎప్పుడు అని అడిగితే దొరికే జబ్బులు

ఐదు నెలల బాబు పొద్దున్నే నిద్ర లేస్తాడు. అమ్మ ఒళ్లోకి తీసుకుంటుంది. ఉన్నట్టుండి తల ముందుకు వాలుతుంది, రెండు చేతులూ ముందుకొచ్చి ముడుచుకుంటాయి. ఒక్క క్షణమే. వెంటనే మామూలైపోతాడు. కొన్ని సెకన్లు గడిచాక మళ్లీ అదే. అలా పది పదిహేను సార్లు వరసగా వచ్చి ఆగిపోతుంది, ఆ తర్వాత బాబు గుక్కపెట్టి ఏడుస్తాడు. "చూడు, దండం పెడుతున్నాడు" అని మొదటి రోజు మురిసిపోయిన అమ్మమ్మే, నాలుగో రోజు "దడుచుకున్నట్టున్నాడే, దిష్టి తీయి" అంటుంది. గ్యాస్ పట్టి ఉంటుందంటూ మందుల షాపతను గ్రైప్ వాటర్ సీసా ఇస్తాడు. డాక్టరు చూసే సమయానికి బాబు హాయిగా కాళ్లాడిస్తూ ఉంటాడు కాబట్టి ఆయనకూ ఏమీ కనపడదు. రెండు నెలలు గడుస్తాయి. అప్పటిదాకా బోసినవ్వులు నవ్విన బిడ్డ నవ్వడం మానేస్తాడు. పిలిస్తే ముఖంలోకి చూడటం మానేస్తాడు.

దీని పేరు వెస్ట్ సిండ్రోమ్. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో వైద్యం చేసే విలియం జేమ్స్ వెస్ట్ 1841లో 'లాన్సెట్' పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. అందులోని రోగి ఆయన కన్నకొడుకే. నాలుగు నెలల వయసులో తల కొద్దిగా ముందుకు ఊగడంతో మొదలై, ఏడాది నిండేసరికి తల మోకాళ్ల వైపు పూర్తిగా వంగిపోయే దాకా వచ్చింది. జలగలు పట్టించాడు, కాలొమెల్ ఇచ్చాడు, నల్లమందు కూడా ఇచ్చి చూశాడు. ఏదీ పని చేయలేదు. ఇలాంటిది ఇంకెవరైనా చూశారా అని తోటి వైద్యులను అడగడానికే ఆ ఉత్తరం రాశాడు. లండన్‌లోని ఒక పెద్ద వైద్యుడు వీటిని 'సలాం మూర్ఛలు' అంటున్నాడని కూడా అందులో ప్రస్తావించాడు. ఆయన సలాం అన్నాడు, మన అమ్మమ్మ దండం అంది.

వెస్ట్ కొడుకుకు అందని మందులు ఇప్పుడున్నాయి. ఏసీటీహెచ్ ఇంజెక్షన్ పని చేస్తుందని 1958లో తెలిసింది. ప్రెడ్నిసొలోన్ మాత్రలు, విగాబాట్రిన్ ఆ తర్వాత వచ్చాయి. ఈఈజీ తీస్తే మెదడు గీతలు ఒక క్రమమంటూ లేకుండా చెల్లాచెదురుగా కనిపిస్తాయి కాబట్టి నిర్ధారణా కష్టం కాదు. మన దేశంలో పుట్టగానే ఏడవని పిల్లల్లోనూ, పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో చక్కెర బాగా పడిపోయిన పిల్లల్లోనూ ఇది ఎక్కువ. అలాంటి కాన్పు జరిగిన ఇంట్లో మూడో నెల నుంచి ఏడాది వరకు నిద్ర లేచే వేళ బిడ్డను కనిపెట్టుకుని చూడాలి. ఎందుకంటే ఇది ఎక్కువగా వచ్చేది అప్పుడే. వైద్యం ఆలస్యమైనకొద్దీ ఆ నష్టం బిడ్డ తెలివితేటల మీదే పడుతుంది.

పిల్లల నరాల జబ్బుల్లో పొరపాటు ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్కటీ చూస్తే తెలుస్తుంది. జబ్బు అరుదు కావడం వల్లనే తప్పిపోతుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరు. పసివాళ్లు తమ బాధ తాము చెప్పుకోలేరు, పెద్దవాళ్లు చెప్పాలి. ఆ పెద్దవాళ్లు కంటికి కనపడినదాన్ని కాకుండా దానికి తాము పెట్టుకున్న పేరును చెబుతారు. మొండితనం, బద్ధకం, పరధ్యానం, దడుపు, గాలి. తీరికలేని డాక్టరు ఆ పేరుకే ఒక ఇంగ్లీషు మాట అతికిస్తాడు. ఒకసారి చీటీ మీద పడిన పేరును తర్వాతి డాక్టర్లు తిరగరాస్తూ పోతారు. ఆ పేరును పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి చూడటానికి ఖరీదైన యంత్రం కన్నా ముందు అక్కరకొచ్చే ప్రశ్న ఒకటుంది: ఎప్పుడు వస్తోంది? నిద్ర లేచాకా, పొద్దుగూకాకా, పరగడుపునా, ఏడ్చాకా?

జపాన్ వైద్యుడు మసాయా సెగావా 1970లలో ప్రపంచం దృష్టికి తెచ్చిన జబ్బుకు ఈ ప్రశ్నే ప్రాణం. ఐదారేళ్ల పాప ఉదయం చక్కగా నడుస్తుంది. మధ్యాహ్నానికి ఒక పాదం లోపలికి తిరుగుతుంది. సాయంత్రానికి రెండు కాళ్లూ బిగుసుకుపోయి గోడ పట్టుకుంటే గానీ నడవలేదు. రాత్రి నిద్రపోయి లేస్తే మళ్లీ నయం. ఈ పాపను సాయంత్రం ఓపీలో చూసిన డాక్టరు సెరిబ్రల్ పాల్సీ అని రాయడంలో ఆశ్చర్యం లేదు. కాళ్ల బిగుతు అచ్చం అలాగే ఉంటుంది. ఉదయం చూసిన డాక్టరైతే ఏమీ లేదని, పిల్ల నటిస్తోందని అనవచ్చు. సీపీ అన్న మాట పడిందంటే ఫిజియోథెరపీ, బూట్లు, సదరం ధ్రువపత్రం వరుసగా వస్తాయి. ఇక జీవితమంతా ఇంతేనని ఇల్లు స్థిమితపడిపోతుంది. నిజానికి ఆ పాప మెదడులో డోపమిన్ తయారీకి కావాల్సిన ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది, అంతే. రోజంతా ఉన్నది ఖర్చవుతుంది, నిద్రలో కొంత పోగవుతుంది. పెద్దవాళ్ల పార్కిన్సన్ జబ్బుకు వాడే లెవోడోపా మాత్రను చిన్న మోతాదులో ఇస్తే ఇలాంటి పిల్లలు రోజుల్లోనే లేచి నడుస్తారు. వైద్యశాస్త్రంలో ఇంత నాటకీయమైన కోలుకోవడం చాలా తక్కువ.

కాలిఫోర్నియాకు చెందిన ఒక కవల జంట కథ ఇందుకు బాగా పేరుపడిన ఉదాహరణ. ఇద్దరికీ రెండేళ్ల వయసులో సెరిబ్రల్ పాల్సీ అన్నారు. తల్లి మాత్రం ఆ మాటతో ఊరుకోలేదు. సెగావా జబ్బు గురించి 1991లో వచ్చిన ఒక పాత వార్తాపత్రిక వ్యాసం ఆమె కంటపడింది. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోవడం అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. లెవోడోపా మొదలుపెట్టాక పిల్లలు ఆటల్లోకి వెళ్లగలిగారు. కొన్నేళ్ల తర్వాత ఆ కవలల్లో ఆడపిల్లకు ఊపిరి ఇబ్బంది మొదలైతే హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు ఇద్దరి జన్యుపటాన్నీ చదివారు. లోపం ఎస్‌పీఆర్ అనే జన్యువులో ఉందనీ, డోపమిన్‌తో పాటు సెరొటోనిన్ కూడా తగ్గిందనీ తేలింది. ఇంకో మందు కలిపితే ఊపిరి కుదుటపడింది. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. కాన్పులో ఏ ఇబ్బందీ లేని, ఎంఆర్ఐలో ఏ మచ్చా కనపడని, పూటపూటకూ తేడా చూపించే 'సీపీ' పిల్లలకు ఒక్కసారి లెవోడోపా ఇచ్చి చూడమని నిపుణులు చెప్పడం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి. ఈ సలహా జిల్లా స్థాయి ఫిజియోథెరపీ కేంద్రాల దాకా చేరాలి.

పరగడుపున వచ్చే జబ్బు ఇంకొకటి. రక్తంలోని గ్లూకోజును మెదడులోకి చేరవేసే ప్రొటీన్ లోపించిన పిల్లల గురించి డారిల్ డి వీవో బృందం 1991లో రాసింది. రక్తంలో చక్కెర సరిగ్గానే ఉంటుంది, వెన్నునీటిలో మాత్రం బాగా తక్కువ. ఫిట్స్ మందులకు లొంగవు. అన్నానికి ఆలస్యమైతే పిల్లాడు తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది, నాలుగు ముద్దలు తిన్నాక తేరుకుంటాడు. మెదడుకు చక్కెర అందకపోతే కొవ్వు నుంచి వచ్చే కీటోన్లను అందించవచ్చు. నెయ్యి, కొబ్బరినూనె, గుడ్లు, పనీర్ కొలతల ప్రకారం పెట్టే కీటోజెనిక్ పథ్యం దీనికి మందు. ఏడ్చినప్పుడో, వేడివేడి నూడుల్స్ ఊదుకుంటున్నప్పుడో చెయ్యి పడిపోయి కాసేపటికి సర్దుకుంటే మోయమోయ అనే జబ్బును అనుమానించాలి. మెదడు రక్తనాళాలు సన్నబడిపోయి, ఎక్స్‌రేలో పొగమబ్బులా కనిపించే చిన్న నాళాలు పుడతాయి. గట్టిగా ఊపిరి వదిలినప్పుడు ఆ నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. జపాన్ వైద్యులు 1969లో దానికి పొగ అన్న అర్థంలోనే ఆ పేరు పెట్టారు. ఒకరోజు కుడి పక్క, ఇంకోరోజు ఎడమ పక్క పడిపోయి, నిద్రపోతే పూర్తిగా తగ్గిపోయే పసిపిల్లల పక్షవాతం ఇంకా వింతైనది. దానికి కారణమైన జన్యువు 2012లో గానీ దొరకలేదు. ఆ పిల్లల్లో చాలామందిని మూర్ఛ రోగులని పొరబడేవారు.

బడి వయసు వచ్చాక పేర్లు మారతాయి. దడుపు, గాలి పోయి బద్ధకం, పరధ్యానం వస్తాయి. రెండో తరగతి పాప డిక్టేషన్ నోట్‌బుక్ తిరగేస్తే కొన్ని వాక్యాల మధ్యలో రెండు మూడు మాటలు ఉండవు. రాస్తూ రాస్తూ పది సెకన్లు ఎటో చూస్తుండిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుపోయింది. రోజుకు పదులసార్లు ఇలా జరిగితే పాప చదువు చిల్లులు పడుతుంది. దీన్ని ఆబ్సెన్స్ మూర్ఛ అంటారు. బయటపెట్టడానికి డాక్టరుకు కావాల్సింది ఒక కాగితం ముక్క. దాన్ని పాప ముఖం ముందు పట్టుకుని, గాలిపటంలా ఎగరేయమని మూడు నిమిషాలు గట్టిగా ఊదిస్తారు. జబ్బుంటే చాలామందిలో మధ్యలోనే ఊదడం ఆగుతుంది, కళ్లు నిలిచిపోతాయి, కాగితం కిందికి వాలుతుంది. పది పన్నెండు లెక్కపెట్టేలోపు పాప మళ్లీ ఊదడం మొదలుపెడుతుంది. మధ్యలో ఏం జరిగిందో తనకు తెలియదు. అమ్మ కళ్ల ముందే జరిగింది కాబట్టి ఆమెకు ఇక ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ దీనికి బాగా పనిచేసే మందులు. మామూలు ఫిట్స్ అనుకుని కార్బమజెపైన్ మొదలుపెడితే మాత్రం ఇది తగ్గకపోగా పెరగవచ్చు. జబ్బు పేరు సగం తప్పినా ఎంత నష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది.

చేతిలో గ్లాసు నిలవదు. అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. కుదురుగా కూర్చోదు, చిన్న మాటకే ఏడుస్తుంది. ఏడెనిమిదేళ్ల నుంచి పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లల్లో ఇది కొన్ని వారాల్లో మొదలైతే పొగరు అనీ, పెద్దమనిషి కాబోతోంది కాబట్టి అనీ తీసిపారేస్తారు. బడిలో చెంపదెబ్బలు కూడా తింటారు. ఇది సిడెన్‌హామ్ కొరియా కావచ్చు. కొరియా అన్న మాటకు గ్రీకులో నాట్యమని అర్థం. ఒకటి రెండు నెలల కిందట వచ్చి పోయిన గొంతునొప్పి వల్ల శరీరం తన మెదడు మీదే తిరగబడటం దీనికి మూలం. నాలుక బయటపెట్టి ఉంచమంటే పాము నాలుకలా లోపలికీ బయటికీ ఆడుతుంది. డాక్టరు వేలు పట్టుకోమంటే పిడికిలి పాలు పితికినట్టు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. వణుకు తనంతట తానే తగ్గవచ్చు. కానీ అదే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను కూడా తాకుతుంది. ఎకో తీసి, ఏళ్ల తరబడి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే గుండె దక్కుతుంది. చెంపదెబ్బతో సరిపెట్టిన పిల్లకు ఇరవయ్యేళ్లొచ్చి, కాన్పు సమయంలో ఆయాసం వచ్చినప్పుడు గానీ కవాటం దెబ్బతిన్న సంగతి తెలియదు.

చదువులో ఉన్నట్టుండి వెనకబడే పిల్లల్లో ఇంకో రెండు జబ్బులను మరవకూడదు. ఒకటి విల్సన్ జబ్బు. ఒంట్లో రాగి పేరుకుపోతుంది. చేతిరాత మారుతుంది, మాట తడబడుతుంది, కోపం పెరుగుతుంది, నల్లగుడ్డు అంచున రాగిరంగు వలయం ఏర్పడుతుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి, మేనరికాలు ఎక్కువగా జరిగే మన రెండు రాష్ట్రాల్లో దీన్ని గుర్తుంచుకోవాలి. పెన్సిలమిన్ 1956లోనే వచ్చింది, జింకు కూడా ఉంది. ఒక పిల్లవాడిలో దొరికితే వెంటనే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే వాళ్లు మామూలుగా బతుకుతారు.

రెండోది, అన్నిటికన్నా గుండె కోసే జబ్బు, ఎస్ఎస్‌పీఈ. పసితనంలో తట్టు వస్తుంది, వారంలో తగ్గుతుంది, ఇల్లంతా మరిచిపోతుంది. ఆరేడేళ్ల తర్వాత పిల్లవాడి మార్కులు పడిపోతాయి. వచ్చిన ఎక్కాలు మరిచిపోతాడు. కొన్నాళ్లకు నడుస్తూ నడుస్తూ తల గభాలున వాలడం, ఒళ్లు ఒక్కసారిగా కుదిలించినట్టు కావడం మొదలవుతుంది. ట్యూషన్ మాస్టారు, మానసిక వైద్యుడు, మూర్ఛ మందులు అయ్యాక ఎవరో ఈఈజీ చూసి ఆగిపోతారు. కొన్ని సెకన్లకోసారి గడియారం కొట్టినట్టు అదే ఆకారపు అల. వెన్నునీటిలో తట్టు వైరస్‌పై యాంటీబాడీలు. అన్నేళ్లూ వైరస్ మెదడులో దాక్కునే ఉంది. ఆ దశకొచ్చాక నయం చేసే మందు లేదు. అమెరికాలో 1988–91 నాటి తట్టు వ్యాప్తి తర్వాత కాలిఫోర్నియా కేసులను లెక్కించినప్పుడు, ఐదేళ్లలోపు తట్టు సోకినవారిలో 1,367 మందికి ఒకరు, ఏడాదిలోపు సోకినవారిలో 609 మందికి ఒకరు ఈ జబ్బు బారిన పడ్డారని తేలింది. మన టీకా పట్టికలో తొలి డోసు తొమ్మిదో నెల నిండాక. అంతకన్నా చిన్న బిడ్డను కాపాడేది చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకున్న టీకాయే. పక్కింటివాళ్లు రెండో డోసుకు వెళ్లకపోతే పదేళ్ల తర్వాత ఈ ఇంట్లో ఒక పిల్లవాడు మాట మరిచిపోవచ్చు. తట్టును 'అమ్మవారు పోసింది' అని తేలిగ్గా తీసుకునే అలవాటు ఇంకా పోని చోట ఈ మాట గట్టిగా చెప్పాలి.

మన ప్రాంతపు వైద్యచరిత్రలో మరుగున పడిన ఒక పేజీ తల్లి తిండికి సంబంధించినది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా, ఒకప్పుడు బెరిబెరికి పేరుమోసిన నేల. అరవ దేశంలో ఉప్పుడు బియ్యం తింటే మనవాళ్లు మిల్లుపట్టిన పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో పాటు థయామిన్ అనే బీ1 విటమిన్ పోయేది. మిగిలింది కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. కూనూరులోని పోషకాహార పరిశోధకులు అక్రాయిడ్, కృష్ణన్ 1941లో ఆ ప్రాంతపు శిశుమరణాల గురించి రాశారు. రెండు మూడు నెలల బిడ్డ, చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది. ఉన్నట్టుండి పాలు తాగదు, వాంతులు, ఆయాసం, ఏడిస్తే గొంతు రాదు. నోరు తెరిచి ఏడుస్తుంది గానీ శబ్దం బయటికి రాదు. ఇప్పుడైతే అలాంటి బిడ్డను న్యుమోనియా అనో మెదడువాపు అనో ఐసీయూలో పెడతారు. ఎంఆర్ఐ చూసి నయంకాని జన్యుజబ్బు అని చెప్పే ప్రమాదమూ ఉంది. కశ్మీర్‌లో పాలిష్ బియ్యం తిని, కాన్పు తర్వాత పథ్యంలో ఉన్న తల్లుల బిడ్డల్లో ఇదే స్థితిని అక్కడి వైద్యులు గుర్తించారు. థయామిన్ ఇంజెక్షన్ ఇస్తే గంటల్లో తేడా వస్తుంది. పాతకాలపు జబ్బు అని కొట్టిపారేయడానికీ లేదు. 2003లో ఇజ్రాయెల్‌లో ఒక సోయా పాలపొడిలో థయామిన్ లోపించి ఎందరో పసిపిల్లల మెదడు దెబ్బతింది, కొందరు చనిపోయారు.

దీనికి తోబుట్టువు లాంటిది బీ12 లోపం వల్ల వచ్చే వణుకు. తల్లిపాల మీదే ఉన్న పది నెలల బిడ్డ, బొద్దుగానే ఉంటాడు, కానీ పాలిపోయి ఉంటాడు. జుట్టు పల్చబడి గోధుమరంగుకు తిరుగుతుంది, వేళ్ల కణుపులు నల్లబడతాయి, వచ్చిన కూర్చోవడం పోతుంది. కొన్నాళ్లకు తలా చేతులూ వణకడం మొదలవుతుంది. నిద్రపోతే వణుకు ఆగుతుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల నుంచి జాదవ్, వెబ్, వైష్ణవ, బేకర్ 1962లో లాన్సెట్‌లో ఇలాంటి పిల్లల గురించి రాసి, తల్లిలోనే బీ12 లేదని చూపించారు. మాంసం ముట్టని ఇళ్లలోనే కాదు, మాంసం కొనలేని ఇళ్లలోనూ ఇది ఉంటుంది. అప్పుడు బిడ్డతో పాటు తల్లికీ మందు ఇవ్వాలి.

పొరపాటు ఒక డాక్టరు గదికే పరిమితం కాదు. ఒక జిల్లా మొత్తం, ఒక రాష్ట్రం మొత్తం జబ్బు పేరు తప్పు రాసుకున్న సందర్భాలున్నాయి. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో 1995 నుంచి దాదాపు ఏటా ఎండాకాలంలో పిల్లలు ఫిట్స్‌తో, స్పృహ లేకుండా ఆసుపత్రికి వచ్చేవారు. జపనీస్ మెదడువాపు అన్నారు, వడదెబ్బ అన్నారు, పురుగుమందు అన్నారు. ఇక్కడ కూడా దారి చూపింది గడియారమే. ముందురోజు పగలంతా ఆడుకున్న పిల్లవాడికి తెల్లవారుజామున ఫిట్స్. చాలామందికి జ్వరం లేదు, వెన్నునీటిలో వాపు జాడ లేదు, రక్తంలో చక్కెర మాత్రం ప్రమాదకరంగా పడిపోయి ఉంది. 2014లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. తోటల్లో లిచీ పండ్లు తిని రాత్రి అన్నం తినకుండా పడుకున్న బక్కపిల్లల్లో, ఆ పండులోని హైపోగ్లైసిన్ అనే విషం ఒంట్లో చక్కెర తయారీని ఆపేస్తోందని అది చెప్పింది. లిచీ మన కుంకుడు చెట్టు కుటుంబానిదే. జమైకాలో అదే కుటుంబపు ఆకీ పండు అదే విషంతో పిల్లలను చంపేదని ముందే తెలిసినా ఆ రెంటినీ ముడిపెట్టి చూడటానికి ఇన్నేళ్లు పట్టింది. ఎండ, ఆకలి కూడా కారణాలేనని వాదించేవారున్నారు, ఆ వాదనలో బలముంది. రాత్రి అన్నం పెట్టమనీ, ఆసుపత్రికి రాగానే గ్లూకోజు ఎక్కించమనీ చెప్పే సలహాకు మాత్రం ఎవరి అభ్యంతరమూ లేదు.

ఇలాంటి చిక్కు మన ఇంట్లోనూ జరిగింది. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు అకస్మాత్తుగా స్పృహ కోల్పోయారు, 183 మంది చనిపోయారు. కొందరు ఒక్క రోజులోనే. మొదట తోచిన పేరు జపనీస్ మెదడువాపు. పుణె శాస్త్రజ్ఞులు చాందీపురా వైరస్‌ను పట్టుకున్నారు. మహారాష్ట్రలోని ఒక ఊరి పేరిట 1965 నుంచి తెలిసిన వైరస్ అది, ఇసుక ఈగల ద్వారా వస్తుంది. ఆ పిల్లలను దగ్గరుండి చూసిన కొందరు వైద్యులు మాత్రం స్కాన్లలో మెదడువాపు కన్నా రక్తనాళం మూసుకుపోయినప్పటి ఛాయలు కనిపించాయనీ, దీన్ని ఇంకో పేరుతో పిలవాలనీ వాదించారు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏటా వానాకాలం తర్వాత వచ్చే 'మెదడువాపు' అయితే అసలు వైరసే కాదని తేలింది. పిల్లలు ఆటల్లో కసివింద గింజలు తిన్నారు. కసివింద మన రోడ్ల పక్కనా మొలుస్తుంది.

మనసు జబ్బనో దయ్యమనో పొరబడే మెదడు జబ్బు ఒకటి 2007లో బయటపడింది. ఫిలడెల్ఫియాలో ఉన్న స్పెయిన్ వైద్యుడు జోసెప్ డల్మావ్, శరీరం తయారుచేసే యాంటీబాడీలు మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకాలను దెబ్బతీస్తాయని చూపించాడు. చలాకీగా ఉన్న పిల్ల వారం రోజుల్లో నిద్ర మానేస్తుంది, అరుస్తుంది, అమ్మను గుర్తుపట్టదు, నోరు ఏదో నములుతున్నట్టు ఆడుతుంటుంది, తర్వాత మాటే పోతుంది. ఇది చూసిన ఇల్లు భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తడాన్ని తప్పుపట్టే ముందు, వయసొచ్చినవారిని ఇదే లక్షణాలతో మానసిక ఆసుపత్రుల్లో చేర్పించిన డాక్టర్లు ఎందరో గుర్తుచేసుకోవాలి. 2013లో ప్రచురితమైన 577 మంది రోగుల పరిశీలనలో మూడో వంతుకు పైగా పద్దెనిమిదేళ్లలోపువారే. సకాలంలో స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటి వైద్యం అందితే రెండేళ్లలో అయిదింట నలుగురు బాగా కోలుకున్నారు. అప్పుడే మొదలైన 'పిచ్చి'తో పాటు ఫిట్సో, వింత కదలికలో ఉంటే యాంటీబాడీ పరీక్ష జరగాలి.

తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది. లేని మూర్ఛకు ఏళ్ల తరబడి మందులు మింగించడం. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక ఆసుపత్రి 2001 తర్వాత 1,948 మంది పిల్లల కేసులను తిరిగి చూస్తే 618 మందికి నిర్ధారణ తప్పని తేలింది. కోరింది ఇవ్వకపోతే గుక్కపట్టి ఏడ్చి, నీలమైపోయి, క్షణకాలం స్పృహ తప్పే పసివాళ్లు మన ఇళ్లలోనూ ఎందరో. వాళ్లకు మూర్ఛ మందు అవసరం లేదు. రక్తం తక్కువుంటే ఐరన్ ఇస్తే చాలామందికి తగ్గుతుంది. ఇందులోనే ప్రాణాంతకమైన మినహాయింపు ఒకటుంది. పరుగెత్తుతూనో, ఈదుతూనో, ఉలిక్కిపడో పడిపోయే పిల్లవాడిలో జబ్బు మెదడుది కాక గుండె లయది కావచ్చు. పుట్టుచెవుడు కూడా ఉంటే, అందులోనూ మేనరికపు సంతానమైతే ఈ అనుమానం బలపడాలి. తేల్చేది ఒక్క ఈసీజీ. మండల కేంద్రంలో కూడా దొరికే పరీక్ష. మొదటిసారి ఫిట్స్ అని వచ్చిన ఏ పిల్లవాడికైనా అది తీయకుండా పంపడం క్షమించరాని అలక్ష్యం.

ఫిట్స్ వచ్చిన పిల్లల మెదడు స్కాన్‌లో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనపడితే క్షయ గడ్డ అనుకుని ఏడాదికి పైగా టీబీ మందులు మింగించిన రోజులుండేవి. 1980ల చివర వెల్లూరులో మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ బృందం అలాంటి మచ్చలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలావాటిలో పందుల నుంచి వచ్చే బద్దెపురుగు గుడ్ల వల్ల పుట్టిన తిత్తి కనపడింది. ఫిట్స్‌కు మందు ఇస్తూ ఉంటే చాలావరకు మచ్చ దానంతటదే కరిగిపోతుంది.

వచ్చిన మాట పోయే పిల్లల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. నాలుగైదేళ్ల వయసులో వాగుడుకాయలా ఉన్న పిల్లవాడు కొన్ని వారాల్లో మాట వినడం మానేస్తాడు. చెవి పరీక్ష బాగానే ఉంటుంది, అయినా వినికిడి యంత్రం పెడతారు, లేదా ఆటిజం అంటారు. లాండౌ, క్లెఫ్‌నర్ 1957లో రాసిన ఈ జబ్బు నిద్రలో తీసిన ఈఈజీలో పట్టుబడుతుంది. మెలకువలో తీస్తే తప్పిపోవచ్చు.

ఆండ్రియాస్ రెట్ అనే వైద్యుడు 1954లో వియన్నాలోని తన ఆసుపత్రిలో రోగులు వేచి ఉండే గది దాటుతూ ఆగిపోయాడు. ఒకరికొకరు తెలియని ఇద్దరు తల్లులు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి ఒళ్లోనూ చిన్న ఆడపిల్లలు. ఇద్దరూ రెండు చేతులూ కలిపి సబ్బుతో కడుక్కుంటున్నట్టు రుద్దుతున్నారు. రెండేళ్ల దగ్గర మాటా, చేతిపనీ పోగొట్టుకున్న అలాంటి పిల్లలు తన పాత కాగితాల్లో ఇంకొందరున్నారని వెతికితే తేలింది. ఆయన వాళ్లను ఫిల్మ్ తీసి, ఆ ఫిల్మ్ పట్టుకుని ఐరోపా తిరిగాడు. 1966లో జర్మన్‌లో రాసినది ఎవరూ పట్టించుకోలేదు. స్వీడన్‌లో బెంట్ హాగ్‌బెర్గ్ తన దగ్గరి అలాంటి పిల్లల గురించి విడిగా రాసుకుంటూ వచ్చి 1983లో ఇంగ్లీషులో ప్రకటించాకే లోకానికి తెలిసింది. హుదా జోగ్బీ బృందం 1999లో ఎంఈసీపీ2 జన్యువును పట్టుకుంది. అమెరికాలో 2023లో తొలి మందుకు అనుమతి దొరికింది. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి కాబట్టి ఇలాంటి జన్యుపరీక్షలకు ఇప్పుడు ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు.

రెట్ మోసుకు తిరిగిన ఆ ఫిల్మ్ పని ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ చేయగలదు. పిల్లలకు ఏదైనా వింతగా వస్తుంటే డాక్టర్లు అడిగేది ఇదే. బట్టలు, దుప్పటి తొలగించి ఒళ్లంతా కనపడేలా పట్టుకోవాలి. లైటు వేయాలి. మధ్యలో ఒకసారి పేరుపెట్టి పిలవాలి, పలుకుతున్నారో లేదో తెలుస్తుంది. ఆగిపోయాక కూడా ఒకటి రెండు నిమిషాలు తీయాలి. చివర్లో గంట ఎంతయిందో, అంతకు ముందు బిడ్డ నిద్ర లేచి ఎంతసేపయిందో, ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడో ఫోన్‌లోనే గొంతుతో చెప్పి ఆపాలి.